మా ఆయనకు బల్ల ఆపేసిన రోజులు

మా ఆయన ఏదీ మరిచిపోలేదు. ముందుగా ఈ మాటే రాస్తున్నాను. ఎందుకంటే ఆయనకు వచ్చిన జబ్బు పేరు చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే, "మిమ్మల్ని గుర్తుపట్టేవారా?" అని. గుర్తుపట్టేవారు. నన్నే కాదు, ఇరవై ఏళ్ళ కింద తన దగ్గర లెక్కలు చదువుకున్న పిల్లలను హాజరుపట్టీలో వాళ్ళ నంబర్లతో సహా గుర్తుపట్టేవారు. పోయింది వేరే. అదేమిటో చెప్పడానికి నా దగ్గర అప్పట్లో మాట లేదు. ఊళ్ళో వాళ్ళ దగ్గర మాత్రం కావలసినన్ని ఉన్నాయి. పొగరన్నారు, పాపమన్నారు, యాభై దాటాక మగవాళ్ళు వేసే వేషాలన్నారు. నేను కూడా అన్నాను. అందుకే ఇది రాయడం నాకేమీ సరదా కాదు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఒక్కసారి రాసి పెట్టుకుంటే, ఇక మీదట అడిగినవాళ్ళ చేతిలో కాగితం పెట్టి నా పని నేను చూసుకోవచ్చని కూర్చున్నాను.

మాది యానాం. ఇద్దరం బడిపంతుళ్ళమే. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు, నేను చిన్న బళ్ళో మూడో తరగతి. పిల్లలు లేరు. ఆయన చదువు ఫ్రెంచి వాళ్ళ కాలంలో సాగింది కాబట్టి, ఏది లెక్కపెట్టాలన్నా నోటికి ఫ్రెంచి అంకెలే వచ్చేవి. బడి కాకుండా మాకున్న ఇంకో లోకం మా సంఘం. పన్నెండేళ్ళు ఆయన సంఘ పెద్ద. నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభు బల్ల ఉండేది. ఆ రోజు రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచుతారు. ఎవరైనా తప్పు చేస్తే, ఆ తప్పు నలుగురి ఎదుటా ఒప్పుకునేదాకా వాళ్ళకు బల్ల ఆపేస్తారు. వాళ్ళు వెనక బెంచీ మీద కూర్చుని, రొట్టె పంచే వేళకు లేచి బయటికి వెళ్ళిపోవాలి. వినడానికి చిన్న శిక్షే. కాని అలా లేచి వెళ్ళిన మనిషికి ఆ తర్వాత వీధిలో పలకరింపులు తగ్గిపోతాయి, పెళ్ళి పిలుపులు తగ్గిపోతాయి. మా వాళ్ళలో అంతకు మించిన అవమానం లేదు.

ఆయన ఎలాంటి మనిషో ఒక్క ముక్క చెబుతాను. పెళ్ళయిన కొత్తలో నాకు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు ఆయనే గంజి కాచి తాగించారు, తల దువ్వారు, నా చీరలు ఉతికి దండెం మీద ఆరేశారు. మగాడు పెళ్ళాం చీరలు ఉతకడమేంటని వీధిలో వాళ్ళు నవ్వుకున్నారు. ఆయన పట్టించుకోలేదు. అలాంటి మనిషితో పాతికేళ్ళు కాపురం చేశాను. అందుకే ఆ తర్వాత ఆయన స్థానంలోకి వచ్చిన మనిషిని నేను క్షమించలేకపోయాను.

మొదలైంది తీపితో. ఎనభైల మొదట్లో, ఆయనకు యాభై రెండో ఏడు నడుస్తోంది. అంతకు ముందు కాఫీలో పంచదార కూడా తక్కువే వేయించుకునేవారు. ఉన్నట్టుండి డబ్బాలో బెల్లం మాయమవడం మొదలైంది. తర్వాత బజారులో కిరాణా కొట్టుకు వెళ్ళి, జీళ్ళ జాడీ మూత తీసి, చెయ్యి లోపల పెట్టేసేవారు. కొట్టతను గోదావరి అవతల నుంచి వ్యాపారానికి వచ్చినవాడు, మంచివాడు. ఒకరోజు నన్ను చూసి దిగి వచ్చాడు.

"అమ్మగారండి, మాస్టారికి మీరే చెప్పాలండి. ఎన్ని కావాలంటే అన్ని నేనిత్తానండి. జాడీలో సెయ్యెట్టేత్తే మిగతావాళ్ళు తీస్కోరు కదండి మరి."

తల కొట్టేసినట్టయింది నాకు. ఇంటికి వచ్చి ఆయన్ను అడిగితే, "తియ్యగా ఉన్నాయి," అన్నారు. అంతే. సిగ్గు పడలేదు, కోపం తెచ్చుకోలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళారు.

ఆ తర్వాత పంటు పట్టుకున్నారు. అప్పటికి మా ఊరి దగ్గర వంతెన లేదు, అవతలి ఒడ్డుకు పంటు మీద దాటాల్సిందే. బడి అవగానే సంచీ ఇంట్లో పడేసి రేవుకు వెళ్ళి, పంటెక్కి ఎదుర్లంక వైపు దాటి, దిగకుండా అదే పంటు మీద తిరిగి వచ్చేవారు. మళ్ళీ వెళ్ళేవారు. నాలుగుసార్లు, అయిదుసార్లు. ఎందుకని అడిగితే పంటులో చెక్కలు లెక్కపెడుతున్నానన్నారు. అన్, దూ, త్రువా అని మొదలుపెట్టి నాకు అప్పజెప్పారు కూడా. చిలక్కి చెప్పినట్టు చెప్పాను, మీరు పెద్దమనిషి, పది మంది చూస్తున్నారు, వద్దు అని. విన్నారు. తలూపారు. చెప్పులేసుకుని రేవుకు వెళ్ళారు.

నోరు కూడా మారింది. ప్రార్థన మధ్యలో ముందు బెంచీలో ఉన్న ఒకావిడతో, అందరికీ వినబడేలా, "మీరు బాగా లావైపోయారు, ఈ బెంచీ ఇద్దరికి చాలదు," అన్నారు. ప్రసంగం మధ్యలో పాస్టరు గారితో, "ఇది పోయిన నెల చెప్పిందే," అన్నారు. నిజమే, చెప్పిందే. కాని అలాంటి నిజాలు యాభై రెండేళ్ళు నోట్లోనే దాచుకున్న మనిషి ఆయన. నేను పక్కన కూర్చుని భూమిలోకి కుంగిపోయేదాన్ని. ఇంటికి వచ్చాక అరిచేదాన్ని. నేను అరుస్తుంటే ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కాలివేళ్ళు చూసుకునేవారు.

ఇవన్నీ భరించాను. మా అమ్మ చావు దగ్గర మాత్రం నాలో ఏదో తెగిపోయింది.

అమ్మ కనకాలపేటలో పోయింది. మధ్యాహ్నం సమాధి కార్యక్రమం. పెట్టె గోతిలోకి దించుతున్నారు. పాట పాడుతున్నారు, నేను నిలబడలేక కూలబడ్డాను. ఆయన నా వెనకే నిలబడి ఉన్నారు. నవ్వు వినబడింది. పకపకా కాదు, ఎవరో చెప్పిన జోకుకు మర్యాదకు నవ్వినట్టు చిన్నగా. తలెత్తి చూస్తే పెట్టె ఒక వైపుకు ఒరిగి ఉంది, ఆయన అది చూసి నవ్వుతున్నారు. ఆ వెంటనే మా చిన్నాన్న భుజం తట్టి, "భోజనాలు ఎన్నింటికి?" అని అడిగారు.

సాయంత్రం ఇంటికి వచ్చాక నేను ఏడుస్తూనే అడిగాను, ఎలా నవ్వగలిగారండీ అని. "మీ అమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. పోతుంది మరి," అన్నారు. కాసేపాగి, కూరేం వండుతావని అడిగారు.

ఆ రోజు నుంచి ఆయనంటే నాకు కోపం కాదు, అసహ్యం. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గాని, నిజం అదే. ఆయన పక్కన కూర్చుని అన్నం తినబుద్ధయ్యేది కాదు. ఎక్కడో ఎవత్తెనో పెట్టుకుని నన్ను వదిలించుకోవడానికి ఇదంతా చేస్తున్నారేమో అని కూడా అనుకున్నాను. అంత తెలివిగల మనిషి తెలియక చేస్తున్నారని నాకు తట్టనే లేదు.

కాకినాడలో ఒక డాక్టరుకు చూపించాను. ఆయన తేదీ అడిగాడు, వారం అడిగాడు, వందలోంచి ఏడు చొప్పున తీసేయమన్నాడు. మా ఆయన లెక్కల మాస్టారు. డాక్టరు ఊపిరి తీసుకునేలోపు రెండు దగ్గరికి వచ్చేశారు. "మీ ఆయన బుర్ర నా బుర్ర కంటే బాగుందమ్మా," అని నవ్వి, బలానికి బిళ్ళలు రాసిచ్చి పంపేశాడు.

ఇంతలో వానాకాలం ఒక ఆదివారం, ఆరాధన జరుగుతుండగా ఆయన లేచి బయటికెళ్ళి, ఆడవాళ్ళ బెంచీల పక్క కిటికీకి ఎదురుగా నిలబడి ఒంటేలు పోశారు. అక్కడితో సంఘానికి ఓపిక అయిపోయింది.

పాస్టరు గారు కుర్రవాడు, మెత్తని మనిషి. ఆయనకు అనుమానం వచ్చింది, మాస్టారికి మతి చలించిందేమో చూద్దామన్నారు. మరుసటి వారం పెద్దలు నలుగురు మా ఇంటికి వచ్చారు. వాళ్ళలో అందరికంటే పెద్దాయన, ఒకప్పుడు పడవ నడిపినవాడు, పరీక్ష ఎలా పెట్టాలో తనకు తెలుసన్నాడు. మా వాళ్ళకు తెలిసిన పరీక్ష ఒకటే. పసిపిల్లలకు మాట వచ్చిందో లేదో బైబిలు వాక్యం చెప్పించి చూస్తాం. మంచాన పడ్డ ముసలివాళ్ళకు స్పృహ ఉందో లేదో వాక్యం అందించి చూస్తాం. కంఠతా వచ్చిన వాక్యం గుండెలో ఉన్నట్టు లెక్క, గుండెలో ఉంటే మనిషి నిలకడగా ఉన్నట్టు లెక్క. అందుకని ఆ పెద్దాయన మా ఆయన్ను లేఖనంలో అన్నిటికంటే పొడుగాటి కీర్తన చెప్పమన్నాడు.

మా ఆయన లేచి నిలబడి మొదలుపెట్టారు. వచ్చిన పెద్దల్లో ఒకాయన బైబిల్లో వేలు పెట్టుకుని వరసగా చూస్తున్నాడు. కాఫీలు చల్లారిపోయాయి. వీధిలో పోయేవాళ్ళు గుమ్మం దగ్గర ఆగారు. ఒక్క మాట తడబడలేదు. సగంలో పుస్తకం చూస్తున్న పెద్దమనిషి పేజీ తిప్పడంలో పొరబడితే, "మీరు రెండు వచనాలు వెనకున్నారు," అని దిద్దారు. అయిపోయాక కూర్చుని బిస్కెట్ల పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నారు.

పెద్దాయన నావైపు తిరిగాడు. "ఇంత గేపకం ఉన్న మనిషికి బుద్ధి లేకపోడవేంటమ్మా? అన్నీ తెలిసే సేత్తన్నాడు. తెలిసి సేత్తే అది పాపవే."

నేను అవునన్నాను. నాకూ అలాగే అనిపించింది.

ఆదివారం సంఘం ముందు నిలబడి ఆయన తప్పు ఒప్పుకోవాలని, ఒప్పుకుంటే క్షమించేద్దామని తీర్మానించారు. ఏం చెప్పాలో పాస్టరు గారు కాగితం మీద రాసిచ్చారు. నేను ఇంట్లో చదివి వినిపించాను. ఒక్కసారి వినగానే వచ్చేసింది ఆయనకు. కాస్త తల వంచుకుని చెప్పండి, నవ్వకండి అని బతిమాలాను. సరే అన్నారు.

ఆదివారం ముందుకు పిలిచారు. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, క్లాసులో సిద్ధాంతం చెప్పినట్టు గడగడా అంతా చెప్పేశారు. "నేను దేవుని ఎదుటను, సంఘము ఎదుటను తప్పు చేసితిని, పశ్చాత్తాపపడుచున్నాను," అని. మొహం నిండా నవ్వు. చివర్లో, "అయిపోయింది. వెళ్ళొచ్చా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా గుమ్మం వైపు నడిచారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. పెద్దల మొహాలు మాడిపోయాయి. ఆయన్ను గుమ్మం దగ్గర ఆపి కూర్చోబెట్టి, ఇది సంఘాన్ని వెక్కిరించడమేనని, నిజమైన పశ్చాత్తాపం కనబడేవరకూ బల్ల ఆపేయాలని, సమ్మతించినవాళ్ళు చేతులెత్తాలని అడిగారు.

మగవాళ్ళ వైపు చేతులు లేచాయి. ఆడవాళ్ళ వైపు కొంచెం ఆలస్యంగా లేచాయి. అందరూ నావైపు దొంగచూపులు చూస్తున్నారు. నన్నెవరూ ఎత్తమనలేదు. నేను ఎత్తకపోతే తప్పుపట్టేవాళ్ళు కూడా లేరు, భార్య కదా అని ఊరుకునేవారు. నా కళ్ళ ముందు మా అమ్మ పెట్టె ఒరిగింది. నేనూ చెయ్యెత్తాను.

ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఎన్ని చేతులు లేచాయో పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టారు, ఫ్రెంచి అంకెల్లో. మగవాళ్ళవి అయ్యాక ఆడవాళ్ళవి. నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. నా చేతిని కూడా కలుపుకుని ముందుకు వెళ్ళిపోయారు.

చెయ్యెత్తని ఆడమనిషి ఒక్కతే ఉంది, మా వదిన. ఆయనకు అక్క. అగ్రహారంలో ఉండేది, పొలం పనులకు వెళ్ళేది, చదువు లేదు. తల్లి చనిపోతే తమ్ముణ్ణి తనే పెంచింది. ఆ రోజు బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని ఒక్క మాట అంది. "అమ్మాయ్, ఆడు నా సేతుల్లో పెరిగాడు. కోడిపిల్ల సచ్చిపోతే రెండ్రోజులు అన్నం తినేవోడు కాదు. ఈడు ఆడు కాదు. ఏదో అయ్యిందమ్మా ఆడికి." నేను చెయ్యి విడిపించుకుని వచ్చేశాను.

ఆ తర్వాత నెలనెలా మొదటి ఆదివారం ఒక పరీక్ష. ఆయనకు అలవాటైన బెంచీ ముందు వరసలో ఉంది. నేరుగా వెళ్ళి అక్కడే కూర్చునేవారు. ఎవరో ఒకరు వచ్చి జబ్బ పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళేవారు. రొట్టె పంచే వేళకు బయటికి పంపేవారు. ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. బయట మెట్ల మీద కూర్చుని చెప్పుల జతలు లెక్కపెట్టుకునేవారు. లోపల రొట్టె ముక్క నా గొంతు దిగేది కాదు.

ఒక పొద్దున అన్నం వారుస్తుంటే గిన్నె జారి గంజి నా కుడిచేతి మీద పడింది. మోచేతి దాకా కాలిపోయింది. కెవ్వుమని కింద కూర్చుండిపోయాను. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. నన్ను చూశారు. గంజి చూశారు. "అన్నం అయిందా?" అన్నారు.

సరిగ్గా అప్పుడే మా వదిన కూరగాయలు పట్టుకుని వచ్చింది. నా చెయ్యి బకెట్లో ముంచి, పక్కన కూర్చుంది. నేను ఏడుపు ఆపుకోలేక, "చూశారా వదినా? కళ్ళారా చూశారా మీ తమ్ముణ్ణి?" అన్నాను.

"సూశానమ్మా," అంది. "ఆడి కళ్ళు సూశాను. నిన్ను సూత్తన్నాడు గాని, నీకు నొప్పెడతందని ఆడికి తెలవట్లేదు."

ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఆశ్చర్యమే. కాకినాడ డాక్టరుకు, నలుగురు పెద్దలకు, పాతికేళ్ళు కాపురం చేసిన నాకు అందని సంగతి ఆవిడ కంట పడింది.

ఆ నెల్లోనే బడి నుంచి కూడా కాగితం వచ్చింది. మాస్టారు క్లాసుకు వచ్చి లెక్క చెప్పకుండా కుర్చీ మీద చేత్తో దరువేస్తూ కూర్చుంటున్నారని, వైద్య పరీక్ష చేయించాలని. మా యానాం వాళ్ళకు ఏ ప్రభుత్వ పనికైనా చివరి గడప పాండిచ్చేరే. ఆంధ్రా అంతా దాటి, మద్రాసు దాటి వెళ్ళాలి. కట్టు కట్టిన చేత్తో ఆయన్ను పట్టుకుని రైలెక్కాను. తోడు వదిన వచ్చింది.

అక్కడి పెద్దాసుపత్రిలో డాక్టరు నెమ్మదైన ఇంగ్లీషులో మాట్లాడాడు, నాకు అర్థమైంది. తేదీలు, లెక్కలు అడగడం రెండు నిమిషాల్లో ముగించాడు. తర్వాత మనుషుల మొహాల బొమ్మలు కొన్ని తీసి ఒక్కొక్కటే చూపించాడు. ఒకావిడ ఏడుస్తున్న బొమ్మ. "ఈమె ఏం చేస్తోంది?" అని అడిగాడు.

"నోరు తెరిచింది," అన్నారు మా ఆయన.

"ఎందుకు?"

ఆయన బొమ్మను తిప్పి వెనక చూశారు. వెనకేమీ లేదు. తిరిగి ఇచ్చేశారు.

డాక్టరు నా చేతి కట్టు చూసి అడిగాడు, "మీకు ఒంట్లో బాగులేనప్పుడు మీ వారు ఏం చేస్తారు?" అని. ఒక్క ప్రశ్న. టైఫాయిడ్, గంజి, దండెం మీద చీరలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, అంతమంది మధ్య కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన నా పక్కనే కూర్చుని పంకా రెక్కలు చూస్తున్నారు.

తలకు ఫోటో తీశారు. డాక్టరు అది వెలుతురుకు పెట్టి వేలుతో చూపించాడు. మెదడు ముందు భాగం, పక్క భాగం కుంచించుకుపోతున్నాయట. జ్ఞాపకాలు ఉండే చోటుకు ఇంకా ఏమీ కాలేదట. సిగ్గు, జాలి, ఇది చేయొచ్చు ఇది చేయకూడదన్న అదుపు, ఎదుటివాళ్ళ బాధ కనబడటం, ఇవి ఉండే చోటు పాడైపోతోందట. మందు లేదన్నాడు. ముందు ముందు మాట తగ్గిపోతుంది, ఆఖరుకు మింగడం కూడా కష్టమవుతుందన్నాడు. ఇప్పుడు దీన్ని ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అంటున్నారు. చాలామందికి ముసలితనం దాకా ఆగదు, యాభైల్లోనే వచ్చేస్తుంది. జ్ఞాపకం బాగుంది కాబట్టి జబ్బు లేదని అందరూ అనుకుంటారు, మనిషి చెడిపోయాడనే అనుకుంటారు. మేము అనుకున్నది అదే.

వదినకు తెలుగులో చెప్పాను. ఆవిడ అంతా విని, "అయితే ఆడి తప్పు లేదన్నమాట," అంది. తిరుగు ప్రయాణంలో రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆయన నా వాటా ఇడ్లీలు కూడా తినేశారు. నాకు కోపం రాలేదు. చాలా నెలల తర్వాత అదే మొదటిసారి.

యానాం వచ్చాక నాకు ఒకే పట్టుదల పట్టుకుంది. ఆయన్ను బాగుచేయలేను. కనీసం ఆ వెనక బెంచీ మీంచి లేపాలి. పాపి అన్న పేరుతో ఆయన పోకూడదు. పాండిచ్చేరి కాగితం పట్టుకుని పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మూడుసార్లు చదివి, "అయితే ఇది పాపం కాదమ్మగారూ," అన్నారు. పెద్దలు మాత్రం కదల్లేదు. పెద్దాయన సంఘం నిబంధన గుర్తుచేశాడు.

"ఒప్పుకోలు లేకుండా బల్ల తిరిగి ఇవ్వకూడదని రాసింది మీ ఆయనేనమ్మా. పెద్దగా ఉన్నప్పుడు ఆయనే పట్టుబట్టి రాయించాడు. ఒకళ్ళకి సడలిత్తే రేపు అందరూ కాయితాలు తెత్తారన్నాడు."

నాన్చారు. ఈ నెల కాదు వచ్చే నెల అన్నారు, పండగ వెళ్ళాక అన్నారు. నేను బడి, ఇల్లు, ఆయన, పెద్దల గడపలు, వీటి మధ్య తిరుగుతూ ఏడాదికి పైగా గడిపాను. అప్పటికి ఆయన ఉద్యోగం మానేశారు. రేవుకు వెళ్ళడం మానేశారు. మాటలు ఒకటి రెండుకు వచ్చి, ఆ ఒకటి రెండూ పోయాయి. వాక్యం కూడా పోయింది. వసారాలో మంచం మీద కూర్చుని ఉండేవారు. అన్నం నేను తినిపించాలి, స్నానం వదినా నేనూ కలిసి చేయించాలి. ప్రార్థన గుడికి తీసుకెళ్ళడం ఇక కుదరదు. బల్ల ఇంకా ఆగే ఉంది.

విసిగిపోయాను. ఒక మొదటి ఆదివారం, రొట్టె మీద గుడ్డ తీయకముందే లేచి ముందుకు వెళ్ళాను. ఆడవాళ్ళు అలా వెళ్ళే అలవాటు మా సంఘంలో లేదు. పాస్టరు గారు పక్కకు జరిగారు.

"ఒప్పుకోలు కావాలన్నారు. నేను చెబుతాను," అన్నాను. "జబ్బు మనిషిని పాపి అంటుంటే నేను చెయ్యెత్తాను. ఆయన నవ్వింది మా అమ్మ చావుకు కాదు. చావంటే ఏమిటో తెలిసే చోటు ఆయన తలలో ఎండిపోయింది. అది అప్పుడు నాకు తెలియదు, మీకూ తెలియదు. ఇప్పుడు చెబుతున్నాను, వినండి. మీ ఇళ్ళలో ఎవరైనా ఉన్నట్టుండి సిగ్గు వదిలేస్తే, దయ వదిలేస్తే, తీపికి ఎగబడితే, చేసిందే చేస్తుంటే, వాక్యం చెప్పించి చూడకండి. డాక్టరుకు చూపించండి. ఆయన పశ్చాత్తాపపడలేరు. నేను పడుతున్నాను."

ఏడవలేదు. అంత ఓపిక నాకు మిగల్లేదు. పెద్దాయన లేచాడు. "మరి ఆ రోజు అంత వాక్యం ఎలా సెప్పాడమ్మా?" అని అడిగాడు. ఎకసెక్కంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే.

"జ్ఞాపకం వేరండి, బుద్ధి వేరండి. రెండూ ఒకటేననుకున్నాం మనం," అన్నాను.

ఆయన నిలబడే చెయ్యెత్తాడు. తర్వాత మిగతా చేతులు లేచాయి. అన్నీ లేవలేదు. సరిపడా లేచాయి.

ఆరాధన ముగిశాక పాస్టరు గారూ పెద్దాయనా పళ్ళెంలో రొట్టె, గిన్నెలో ద్రాక్షరసం పట్టుకుని నాతో ఇంటికి వచ్చారు. ఆ పూట నేను సంఘంలో రొట్టె తీసుకోలేదు, ఇంట్లో ఆయనతో కలిసి తీసుకుంటానన్నాను. వసారాలో వదిన ఆయన్ను దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. పాస్టరు గారు ప్రార్థన చేసి, రొట్టె విరిచి, రసంలో తడిపి ఆయన నోట్లో పెట్టారు. ఆయన మెల్లగా నమిలి మింగారు. మళ్ళీ నోరు తెరిచారు.

పాస్టరు గారు ఆగిపోయారు. బల్ల దగ్గర మనిషికి ఒక్క ముక్కే. పెద్దాయన తల దించుకున్నాడు. ఆయన నోరు తెరుచుకునే ఉన్నారు. పళ్ళెంలో ఒక్క ముక్క మిగిలి ఉంది, నాకోసం తెచ్చింది. పాస్టరు గారు నావైపు చూశారు.

"పెట్టేయండి," అన్నాను.

ఆయన అదీ తిన్నారు. నావైపు చూడలేదు. చూడలేరని అప్పటికి నాకు తెలుసు.